ఆంగ్లపఠనము - నిత్యజీవనము

ఆంగ్లభాష మన బిడ్డలకు వలయునా, వలదా యను చర్చ మన పత్రికలలో నూఱేండ్లకు పైగా సాగినది. ఆ చర్చ నేటికి దానంతట నదియే ముగిసినదని మేము తలంచుచున్నాము. కౌలురైతు కొడుకును, కలెక్టరు కూతురును సమానముగ నాంగ్లమును గోరుచున్నారు. కోరువారిని దేశాభిమానహీనులని దూఱుట మాకు సమ్మతము గాదు. మందుల పెట్టెపై వ్రాత యాంగ్లము. బ్యాంకువారు పంపు సందేశ మాంగ్లము. కువైటునకో దుబాయికో పోవు కడపవాడును, జగిత్యాలవాడును సంతకము చేయు నొప్పందపత్రము అరబ్బీ గాకున్న నాంగ్లము. తాను సంతకము చేసిన కాగితమున నేమున్నదో తెలియనివాని స్వాతంత్ర్య మెంతటిది? కావున నాంగ్లము వలయును. ఇక మిగిలినది, దాని నేవిధముగ నేర్పవలె ననునదియే. వలయునా వలదా యని నూఱేండ్లు వాదించిన మనము, ఎట్లు నేర్పవలెనని నూఱు దినములైనను నిలుకడగ నాలోచింపకుండుట వింతగ నున్నది.

మాధ్యమమును గూర్చిన రభస మాత్రము మిక్కుటముగ జరిగినది. ఆంధ్రప్రదేశ ప్రభుత్వము 2019 నవంబరులో ప్రభుత్వ పాఠశాలలయందు ఒకటవ తరగతి మొదలు ఆఱవ తరగతి వఱకు నాంగ్లమాధ్యమమును విధించుచు నుత్తరు వొసగెను. 2020 ఏప్రిలులో హైకోర్టు ఆ యుత్తరువును గొట్టివేసెను. తెలంగాణమున 2022-23 విద్యాసంవత్సరము నుండి ఒకటి మొదలు ఎనిమిది తరగతుల వఱకు నాంగ్లమాధ్యమము ప్రవేశపెట్టబడెను. రెండు రాష్ట్రములును పాఠ్యపుస్తకములను రెండు భాషలలో, నెదురెదురు పుటలలో నచ్చు వేయించినవి. ఈ యెదురెదురు పుటల పద్ధతిని మేము మెచ్చుకొనకపోము. ఒక పుటలో దారి తప్పిన బాలుడు ప్రక్క పుటలో దారి వెదకికొనవచ్చును. కాని భిన్నములును, కిరణజన్యసంయోగక్రియయు దెలుగుననే కొఱుకుడుపడని బాలునకు, వానిని దెలియని భాషలో జెప్పినచో విషయమును రాదు, భాషయు రాదు. 1918లో స్థాపింపబడిన ఉస్మానియా విశ్వవిద్యాలయము శాస్త్రములను ఉర్దూలో బోధించుచునే యాంగ్లమును విధిగా నేర్వవలసిన భాషగ నుంచెను. భాషను నేర్పుట వేఱు, భాషలో నేర్పుట వేఱు అను వివేకము ఆనాటి హైదరాబాదులో నుండెను.

ఫలిత మెట్లున్నదో చూతము. 'అసర్' సర్వేవారు 2023లో దేశమందలి 28 జిల్లాలలో 14 మొదలు 18 ఏండ్ల వయస్సుగల గ్రామీణ యువజనులను బరీక్షించిరి. నూటికి ఇరువదియైదుగురు తమ ప్రాంతీయభాషలో రెండవ తరగతి పాఠమును ధారాళముగ జదువలేకపోయిరి. ఆంగ్లవాక్యములను జదువగలిగినవారు నూటికి 57.3. అట్లు చదివినవారిలో అర్థము చెప్పగలిగినవారు నూటికి 73.5. ఈ రెండంకెలను గలిపి లెక్కించిన, నూర్గురిలో నలువదియిద్దఱు మాత్రమే చదివి తెలిసికొన్నవారు. మఱి పదునైదుగురు పెదవులతో జదివిరి, మనస్సుతో జదువలేదు. మంత్రమును వల్లించినట్లు ఆంగ్లమును వల్లించు నీ పదునైదుగురే మా కెక్కుడు చింత గలిగించుచున్నారు. చదువరానివానికి దనకు రాదని తెలియును. వీరికి అదియు దెలియదు. తల్లిదండ్రులకును దెలియదు. గట్టిగా జదువు బిడ్డ గొంతు విని తండ్రి మురియుచున్నాడు.

మా మనవి యిది. ఆంగ్లము నేర్వబూనిన బాలునకైనను, పెద్దకైనను మొదట నీయవలసినది వ్యాకరణము గాదు, సంభాషణల జాబితా గాదు, కావ్యఖండమును గాదు. పది యిరువది వాక్యముల చిన్న పాఠములు, నిత్యజీవితమున జరుగు సంగతులను జెప్పునవి, చదువుచుండగనే యర్థమగునవి, వందలకొలదిగ నీయవలెను. సంత, బస్సు, జ్వరము, వాన, కుళాయి కడ తగవు, దారి తప్పిన మేకపిల్ల: ఇవి చాలును. నాలుగు పుస్తకములను నాలుగేండ్లు కంఠస్థము చేయుటకంటె నాలుగు వందల చిన్న పాఠములను నాలుగు మాసములలో హాయిగ జదువుట మేలు.

ఇది విదేశమునుండి దిగుమతియైన క్రొత్త సిద్ధాంతమని యెవ్వరును శంకింప నక్కఱలేదు. మన పెద్దబాలశిక్ష చేసిన పని యిదియే గదా. అక్షరములు వచ్చిన వెంటనే బాలునకు బంధువుల పేర్లు, తిథివారములు, తూనికలు, కొలతలు, జాబులు వ్రాయు రీతి, చిన్న కథలు నందిచ్చి, వాని యింటి ముంగిటినుండియే చదువును బ్రారంభింపజేసినది. ఇంతకంటె విచిత్రమైన సాక్ష్యము మఱియొకటి కలదు. తెల్లదొరలకు దెలుగు నేర్పవలసివచ్చినప్పుడు చార్లెసు ఫిలిప్పు బ్రౌను ఏమి చేసెను? 1852లో ఆయన ప్రకటించిన తెలుగు వాచకమున నున్నవి ప్రబంధపద్యములు గావు. ఇంటి యుత్తరములు, వ్యవహారపు జాబులు, పోలీసు సంగతులు, రెవిన్యూ కాగితములు. 1853లో తెలుగు-ఇంగ్లీషు సంభాషణల పుస్తకమును వెలువరించెను. 1855లో వచ్చిన తాతాచార్ల కథలు వాడుక తెలుగున జెప్పబడిన చిన్నచిన్న కథలు. మనల నేలవచ్చినవాడు మన భాష నేర్చుటకు మన నిత్యజీవితమునే పాఠముగ జేసికొనెను. మనము వాని భాష నేర్చుటకు మాత్రము వాని చలికాలమును, వాని పొగగొట్టమును, వాని తోటలోని పూలను బాఠముగ జేసికొంటిమి! ఏలినవాడు తెలివిగ నేర్చెను; ఏలబడినవారము వానికి దోచినట్లు నేర్చితిమి.

మన దేశముననే పనిచేసిన యింకొక యాంగ్లేయుని మాట యిచట దలపదగియున్నది. మైకేల్ వెస్టు ఢాకా నగరమున నుపాధ్యాయ శిక్షణ కళాశాల ప్రధానాచార్యుడుగ నుండి, 1926లో వంగదేశపు బాలుర ద్విభాషాసమస్యను గూర్చి గ్రంథము వెలువరించెను. ఆయన ప్రశ్న మిక్కిలి లౌకికమైనది. భీమా పాలసీని నడుమ విడిచినవానికి గొంత సొమ్ము చేతికి వచ్చును. చదువును నడుమ విడిచిన బాలునకు నే మాంగ్లము చేత మిగులును? వ్యాకరణసూత్రములతో మూడేండ్లు గడపి బడి మానినవానికి మిగులునది సున్న. సులభమైన వాక్యములను జదివి గ్రహించు శక్తిని మూడేండ్లలో సంపాదించినవాడు బడి మానినను, ఆ శక్తి వాని వెంట బోవును. ఆనాటి వాచకములలో బ్రతి పంక్తియందును గ్రొత్త పదములు క్రిక్కిఱిసియుండుట గమనించి, ఆయన యరుదైన పదములను దొలగించి, వాడుక పదములను నిలిపి, క్రొత్త పదములను దూరదూరముగ నెడమిచ్చి చల్లుచు నూతన వాచకములను వ్రాసెను. తొంబదియేండ్లకు పైబడినను మన బడులలో నా పాఠ మింకను దలకెక్కలేదు. నేటికిని ఆంగ్లవాచకము తెఱచిన బేదబాలునకు మొదటి పంక్తిలో మూడు, రెండవ పంక్తిలో నాలుగు తెలియని పదము లెదురగుచున్నవి. ఉపాధ్యాయుడు వానికి దెలుగర్థము చెప్పును, బాలుడు పెన్సిలుతో వ్రాసికొనును, పాఠ మందుతో సమాప్తము.

చదివినది నిఘంటువు లేకుండ సుఖముగ దెలియవలెనన్న, నూఱు పదములలో దొంబదియెనిమిది ముందే తెలిసియుండవలెనని పాల్ నేషను మున్నగు పరిశోధకులు 2000 సంవత్సరపు ప్రాంతమున దేల్చిరి. అనగా నేబది పదముల కొక్కటి మాత్రమే క్రొత్తది. అన్నములో రాళ్ల వంటిదే యిదియు. ఒకటి తగిలిన నుమిసి తినవచ్చును; ముద్దకు నాలుగు తగిలిన విస్తరి వదలి లేవవలసినదే. తగినంత చదువు దొరికిన నేమగునో ఫిజీ ద్వీపములలో 1980లో మొదలైన ప్రయోగము చూపినది. ఎల్లీ, మాంగుభాయి యను నిద్దఱు పరిశోధకులు, పుస్తకములు చాలని గ్రామీణ పాఠశాలలకు నాంగ్లమున సులభమైన బొమ్మల కథాపుస్తకములు 250 చొప్పున నిచ్చిరి. ఎనిమిది మాసములలో నా బాలురు పఠనమునందును, విని గ్రహించుటయందును సామాన్యవేగమునకు రెట్టింపు వేగమున ముందుకు సాగిరి. ఆ పిల్లలకు నాంగ్ల మింటిభాష కాదు. వారును మన పిల్లల వంటి పల్లెటూరి పిల్లలే.

పఠనము వ్యాకరణమును గూడ నేర్పునా యని పండితులు సందేహింతురు. మన తెలుగువారికి ఆంగ్లమున గష్టమగు తావులేవో చూచిన, నా సందేహము తీఱును. మన వాక్యమున గ్రియ యింటి పెద్దవలె గడపట వచ్చి కూర్చుండును. ఆంగ్లమున నడుమ జొచ్చి నిలుచును. మనము 'బల్ల మీద' అందుము. వారు మీదను ముందు బెట్టి బల్లను వెనుక బెట్టుదురు. 'నా కిద్దఱు తమ్ము లున్నారు' అని మన మనగా, నాంగ్లేయుడు తమ్ములను సైతము చేత బట్టుకొనియున్నట్లు 'హావ్' అనును. మనకు 'మేము' వేఱు, 'మనము' వేఱు. వారికి రెండును 'వుయ్' అనుటలో నడగిపోయినవి. (పత్రికాసంపాదకులకు మాత్ర మిది యనుకూలమే, పాఠకుని దమతో జేర్చుకొనిరో లేదో తేల్చి చెప్పనక్కఱలేదు.) ఇక 'ఎ' యనునదియు 'ది' యనునదియు మన విద్యార్థులను జీవితాంతము వెంటాడు దయ్యములు. సూత్రములు కంఠస్థము చేసిన పట్టభద్రులు సైత మచట తడబడుదురు. కాని యొక కథ తీసికొనుడు. మన యవ్వలు కథ చెప్పునప్పుడు మొదట 'ఒక రాజు' అందురు. రెండవ మాఱు 'ఆ రాజు' అందురు. ఆంగ్లకథ చేయునదియు నదియే. మొదటిసారి కుక్క వచ్చినప్పుడు 'ఎ డాగ్'; మరల వచ్చినప్పుడు 'ది డాగ్'. ఇరువది చిన్న కథలు చదివిన బాలునకు నీ మర్మము సూత్రము లేకయే చెవికి బట్టుబడును. భూతకాలపు క్రియలును నట్టివే. 'గో' యనునది 'వెంట్' అగుట, 'బై' యనునది 'బాట్' అగుట, 'గివ్' అనునది 'గేవ్' అగుట ఏ సూత్రమునకు లొంగును? ఆంగ్లమున మిక్కిలి వాడుకలో నున్న క్రియలే నియమము తప్పిన క్రియలు. పోవుట, వచ్చుట, తినుట, కొనుట, ఇచ్చుట, చెప్పుట: నిత్యజీవితమును జెప్పు కథ యేదియైనను వీనినే మాటిమాటికి దిప్పి చూపును. పట్టిక బట్టీపట్టి మఱచువాడు, పదిసార్లు కథలో గలిసికొన్నదానిని మఱువడు.

ఇంతవఱకు బాఠము చిన్నదిగ నుండుటను గూర్చి చెప్పితిమి. అసలు వివాద మంతయు 'నిత్యజీవిత'మను మాటలో నున్నది. ఎవరి నిత్యజీవితము? అంగడిలో దొరకు వాచకములను దిరుగవేసి చూచితిమి. మంచుబొమ్మను జేయు బాలుడు, విహారమునకు రొట్టెముక్కలు గొనిపోవు కుటుంబము, విమానాశ్రయమున సామానులు తప్పిపోయిన ప్రయాణికుడు, హోటలున గది కోరు పెద్దమనిషి: వీరందఱు నిత్యజీవులే, మన ప్రకాశం జిల్లా బాలునకు మాత్రము కారు. వాని కందులో రెండు కష్టములు. భాష తెలియదు, విషయమును దెలియదు. చీకటిలో నల్లపిల్లిని వెదకుమన్నట్లున్నది. తెలిసిన సంగతిని దెలియని భాషలో జెప్పిన, సంగతియే భాషకు దీపమగును. ఆదివారపు సంతలో నవ్వ చింతపండు కొన్నది. తూకము తగ్గినదని యామె కనుమానము గలిగినది. ప్రక్క దుకాణమున దూయించినది. ఏబది గ్రాములు తక్కువ. ఆమె గొంతెత్తినది, జనము గుమిగూడిరి. ఈ యైదు వాక్యములను సులభమైన యాంగ్లమున వ్రాసి మన బాలుని చేతి కిచ్చినచో, వాడు తెలియని పదము దగ్గఱ నాగడు, ఆ దుకాణదారు డేమనెనో తెలిసికొనుటకు ముందునకు బరుగెత్తును. ఆ పరుగే చదువు.

మనవారి జీవితమన్న బేదఱికపు జీవితమే యని మా భావము గాదు. సెల్‌ఫోను పల్లెలో నున్నది, ఆటో యున్నది, హాస్టలు గది యున్నది, క్రికెట్టు ఉన్నది. పొలములో డ్రోనుతో మందు చల్లుటయు నేడు నిత్యజీవితమే. ఎద్దుబండియే తెలుగుదన మనుకొని పాఠము వ్రాయువాడు, మంచుబొమ్మను వ్రాసినవానికంటె బాలునకు దగ్గఱివాడు గాడు.

ఇచట మఱియొక జాగ్రత్త వలయును. నిత్యవ్యవహారమునకు జాలు నాంగ్లమనుచు, గొందఱు మన బిడ్డలకు సేవకుని యాంగ్లమును నేర్పుచున్నారు. 'ఎస్ సార్', 'సారీ సార్', 'ప్లీజ్ సార్' అనునవియే మొదటి పాఠములు. దొరగా రడుగుట, నేర్చువాడు వినయముగ సమాధాన మిచ్చుట. అమీరుపేట మొదలు జిల్లాకేంద్రముల సందుల వఱకు వెలసిన స్పోకెన్ ఇంగ్లీషు శిక్షణాలయములు చాలవఱకు నింటర్వ్యూ గదినే లోకముగ జూపుచున్నవి. ఉద్యోగము వలదని మేమనము. కాని భాష నేర్చుట యుద్యోగమిచ్చువానిని మెప్పించుటకు మాత్రమే యైనచో, నది సగము భాష. మా చిన్న పాఠములలో నేర్చువాడు రసీదు నడుగవలెను, తూకమును బ్రశ్నింపవలెను, కాలము తీఱిన మందును దిరిగి యీయవలెను, చదువనిదే సంతకము చేయనని చెప్పవలెను. హాస్యమాడవలెను, అలుగవలెను, తన యూరిని గూర్చి క్రొత్తవానికి జెప్పవలెను. భాషలో దానొక మనిషిగ నిలువలేనివాడు ఆ భాష నెన్నటికిని బ్రేమింపడు. ప్రేమింపని భాషను బరీక్ష మఱునాడే మఱచును.

షేక్స్పియరును, వర్డ్సువర్తును దొలగింతురా యని కొందఱు కోపింపవచ్చును. తొలగింపుమని మేము చెప్పలేదు. ఏబది పదములకు బదిపదములు తెలియనివాని ముందు వారి నుంచుట వారి కవమానమని మాత్రమే చెప్పుచున్నాము.

గైడు పుస్తకములను గూర్చి రెండు మాటలు. చిన్న పాఠమునకు గూడ బ్రశ్నోత్తరములు ముద్రించి, మార్కులు పెట్టి, బట్టీకి గుఱిచేసిన, మా సూచన యంతయు బూడిదలో బోసిన పన్నీరు. ఈ పాఠములపై బరీక్ష యుండరాదు. చదివిన బాలుని 'కథలో నేమైనది?' అని తెలుగుననే యడుగుడు. తెలుగున జెప్పగలిగిన వానికి నాంగ్ల మర్థమైనట్లే. ఆంగ్లపు తరగతిలో దెలుగు వినబడిన జరిమానా విధించు బడులున్నవని వినుచున్నాము. అట్టి బడులు బాలుని నోటిని మూసి చెవిని దెఱువజూచుచున్నవి. రెండవ తరగతి తెలుగు పాఠమును జదువలేని నూటికి నిరువదియైదుగురి సంగతి పైన జెప్పియున్నాము. చదువుట యను విద్య యొక్కటే. అది సొంతభాషలో నొకమాఱు పట్టువడిన, నింకొక భాషకు వెంట వచ్చును. సవరలకు వారి భాషలోనే వాచకములు వ్రాసి, సొంత ఖర్చుతో బడులు నడపిన గిడుగు రామమూర్తి పంతులుగారు (1863-1940) ఈ సత్యమును బర్లాకిమిడిలో నాచరించి చూపిరి. గ్రాంథికమున వ్రాయుచు గిడుగువారిని బ్రశంసించుట పాఠకులకు నవ్వు తెప్పించిన దెప్పింపనిండు, ఆయన మాట మాత్రము నిజము.

ఇంతకు నీ పాఠములను వ్రాయువా రెవరు? లండను నుండి రావు; రాజధానిలో గూర్చున్న సంఘములును వ్రాయలేవు. ప్రథమ్ బుక్స్ వారు 2015లో బ్రారంభించిన 'స్టోరీవీవర్' వంటి ప్రయత్నములు తెలుగునకును నాంగ్లమునకును నెన్నో చిన్న పుస్తకముల నుచితముగ నందించినవి. వానిని మన బడులలో వాడుకొనవలెను. కాని ప్రతి జిల్లాకును దన సంతయు, దన పంటయు, దన తగవులును గలవు. ఉద్దానపు జీడితోటను గూర్చి యచటి యుపాధ్యాయిని వ్రాయవలెను. ముంబయికి వలసబోయిన తండ్రి ఫోను చేయు ఆదివారమును గూర్చి పాలమూరు ఉపాధ్యాయుడు వ్రాయవలెను. చీరాల మగ్గము, సిరిసిల్ల మగ్గము, గోదావరి వరదలో పడవ, అనంతపురమున వేరుసెనగ విత్తు దినము - ఒక్కొక్కటి యొక పుట. వాడుకలోని రెండు వేల యాంగ్లపదములకు లోబడి వ్రాయుట కష్టమే. మొదట నలువది పుటలు చింపివేయవలసివచ్చును. మన ప్రభుత్వ పాఠశాలలలో నట్టి యోపిక గల యుపాధ్యాయులు లేకపోలేదు. వారికి వలసినది సెలవులలో నెలదినముల తీఱికయు, వ్రాసినదానిని దిద్దు నొక సాటివాడును, అచ్చునకు గొంత సొమ్మును.

సొమ్మున కెచటికో పోనక్కఱలేదు. ఆంధ్రదేశమున గ్రంథాలయోద్యమము 1914లో బెజవాడ మహాసభతో సంఘటితమైనది. 1960 నాటి గ్రంథాలయ శాసనము క్రింద ఇంటిపన్నుతో బాటు గ్రంథాలయపు పన్నును జనులు చెల్లించుచునే యున్నారు. శాఖా గ్రంథాలయమునకు బోయి చూచిన, పోటీపరీక్షల పుస్తకముల ముందు యువకులు గుమిగూడియుందురు. బాలుర యఱ మూలనుండును. ఆ మూల యఱలో, ఈ చిన్న పాఠముల కట్టలను, ఒక వైపు తెలుగు, ఒక వైపు ఇంగ్లీషు గలవానిని, రెండు మూడు వందలు చేర్చుటకు జిల్లా గ్రంథాలయ సంస్థలు వచ్చు బడ్జెటులో నెంత మొత్తము ప్రత్యేకింపగలవో తెలుపవలెనని వారిని గోరుచున్నాము. పుస్తకములను దాళము వేసిన బీరువాలో నుంచక, పిల్లల చేతి కందునంత యెత్తున నుంచవలెననియు గోరుచున్నాము.